సంతకాల పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబు: మా అనుభవం, ఐదుకి నాలుగు

ఫోర్జరీ కేసుల్లో సంతకాలు పోల్చి రిపోర్టు ఇచ్చే ఒక ప్రైవేటు ల్యాబు గురించి ఈ రివ్యూ. మా బాబాయి మీద నడుస్తున్న కేసులో వాళ్ళ చేత పరీక్ష చేయించాం. కేసు ఇంకా తేలలేదు కాబట్టి ల్యాబు పేరు రాయడం లేదు, దయచేసి అడగొద్దు కూడా. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఇలాంటి సర్వీసు గురించి తెలుగులో వివరంగా రాసినవాళ్ళు నాకు ఎక్కడా కనపడలేదు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఎవరిని అడగాలో, ఏం చేయాలో తెలియక మేం పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సంగతి. 2013లో గుంటూరు జిల్లాలో బాబాయి కొంత పొలం కొనడానికి అగ్రిమెంటు రాయించుకున్నారు. మూడు స్టాంపు పేపర్లు, ప్రతి పేజీ కింద అమ్మే ఆయన సంతకం, వెనక పక్క ఇంకొంత సొమ్ము ముట్టినట్టు రసీదు రాసి రెవెన్యూ స్టాంపు మీద మరో సంతకం. రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం అనుకున్నారు, మా వైపు చాలామంది అలాగే చేసేవారు. 2014లో రాజధాని ఇటువైపే అన్నారు, ధరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. తర్వాత కొన్నాళ్ళకి పొలం అమ్ముతానన్న ఆ పెద్దాయనకి పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి సరిగ్గా స్వాధీనంలో లేదు. వాళ్ళ అబ్బాయిలు అగ్రిమెంటే దొంగదని, సంతకాలు ఎవరి చేతనో పెట్టించారని కంప్లైంట్ ఇచ్చారు. పాత ఐపీసీలో మోసం, ఫోర్జరీలకి ఉన్న 420, 467, 468, 471 సెక్షన్లు పెట్టారు. 467 కింద యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చు.

పోలీసులు అగ్రిమెంటును ప్రభుత్వ ల్యాబుకి పంపారు. దాంతో పోల్చడానికి ఏం పంపారంటే, కంప్లైంట్ తర్వాత ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి తెల్ల కాగితాల మీద పెట్టించిన సంతకాలు. అంటే పక్షవాతం వచ్చిన చేత్తో పెట్టినవి. ఇవీ అవీ ఒకరు పెట్టినవి కావని రిపోర్టు వచ్చింది. ల్యాబు తప్పు చెప్పిందని నేను అనను, వాళ్ళ ముందు పెట్టిన కాగితాలు నిజంగానే కలవవు. కానీ "ఈ కాగితాల్లో పోలిక లేదు" అన్న మాట ఛార్జిషీటులోకి వచ్చేసరికి "సంతకాలు ఫోర్జరీ అని తేలింది" అయిపోయింది, ఊళ్ళోకి వచ్చేసరికి "సైన్సే చెప్పిందిగా" అయిపోయింది. చుట్టాల్లో ఒకాయన ఆ మాట బాబాయి మొహం మీదే అన్నారు. బాబాయి శుభకార్యాలకి వెళ్ళడం మానేశారు.

ఈ ల్యాబు కంటే ముందు ఎవరో చెబితే ఇంకొకాయన్ని సంప్రదించాం. అగ్రిమెంటు జిరాక్సు వాట్సాప్‌లో పంపమన్నాడు. పంపితే సాయంత్రానికే ఫోన్ చేసి, మ్యాచ్ అవుతుంది, మీకు అనుకూలంగా రిపోర్టు ఇచ్చేస్తాను అని రేటు చెప్పాడు. కష్టంలో ఉన్నవాళ్ళకి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు, పిన్ని అయితే వెంటనే కట్టేద్దామంది. మా లాయరు గారు మాత్రం, అలాంటి రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఐదు నిమిషాలు నిలబడదు, పైగా మన మిగతా సాక్ష్యాన్ని కూడా కిందకి లాగుతుంది అన్నారు. జిరాక్సులో సంతకం ఆకారం మాత్రమే ఉంటుంది. కలం ఎక్కడ గట్టిగా ఒత్తారు, ఎక్కడ ఎత్తారు, గీత మీద మళ్ళీ గీత దిద్దారా, కింద ఒరిజినల్ పెట్టి గీసుకున్నారా, ఇవేవీ జిరాక్సులో సరిగ్గా తెలియవు. వేరే కాగితం మీది సంతకాన్ని కత్తిరించి అతికించి జిరాక్సు తీసినా మామూలు కంటికి తేడా కనపడదు. కాబట్టి జిరాక్సు చూసి రిజల్ట్ చెప్పేవాళ్ళు ఎవరైనా సరే, డబ్బు కట్టకండి.

ఇప్పుడు మేం వెళ్ళిన ల్యాబు. జిరాక్సు తీసి చూపిస్తే, ఇది కేసు ఏమిటో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది గానీ దీని మీద అభిప్రాయం చెప్పం అన్నారు. రిజల్ట్ ఎలా వస్తుందో ముందే చెప్పలేం, మీకు వ్యతిరేకంగా వచ్చినా ఫీజు వెనక్కి ఇవ్వం అని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం చూశాకే నాకు వాళ్ళ మీద కొంచెం నమ్మకం కుదిరింది.

అసలు విలువ ఎక్కడ కనపడిందంటే, ప్రభుత్వ ల్యాబుకి ఏ సంతకాలు పంపారో చూడగానే ఎక్స్‌పర్ట్ గారు అడిగిన ప్రశ్నలో. "ఈ స్పెసిమెన్లు ఏ సంవత్సరంలో తీసుకున్నారు, అప్పటికి ఆయన ఆరోగ్యం ఎలా ఉంది?" మేం ఒక్క ముక్క చెప్పకముందే అడిగారు. గీతల్లో వణుకు చూసి ఆయనకి అనుమానం వచ్చిందట. ఈ పనిలో వాడే భాష ప్రకారం గొడవలో ఉన్న సంతకాలకి "క్యూ" అని, పోల్చడానికి ప్రత్యేకంగా పెట్టించినవాటికి, అంటే స్పెసిమెన్లకి, "ఎస్" అని, గొడవ లేని రోజుల్లో మామూలు పనుల మీద పెట్టినవాటికి "ఏ" అని నంబర్లు వేస్తారు. గొడవ మొదలయ్యాక పెట్టిన సంతకం ఎంత నిజాయితీగా పెట్టినా దాని మీద పూర్తిగా ఆధారపడకూడదు. కావాలని మార్చి పెట్టే అవకాశం ఉంటుంది, మార్చకపోయినా వయసు, జబ్బు, భయం అన్నీ చేతిలోకి వస్తాయి. లాయరుకి రాసిచ్చిన వకాలత్ మీది సంతకంతో పోల్చండి అని చాలామంది పిటిషన్ వేస్తుంటారు, దానికీ ఇదే ఇబ్బంది.

అందుకని 2013కి అటూ ఇటూ రెండు మూడేళ్ళలో పెట్టిన "ఏ" రకం సంతకాలు కావాలన్నారు. ఎక్కడెక్కడ దొరుకుతాయో కూడా వాళ్ళే చెప్పారు. బ్యాంకు ఖాతా తెరిచినప్పటి ఫారం, విత్‌డ్రాయల్ స్లిప్పులు, సొసైటీలో పంట రుణం కాగితాలు, ఎల్‌ఐసీ ప్రపోజల్, అదే కాలంలో ఆయన రాసిచ్చిన రిజిస్టర్డ్ దస్తావేజు ఏదైనా ఉంటే అది. సర్టిఫైడ్ కాపీలు కాదు, ఒరిజినల్సే. అవి మన చేతికి ఇవ్వరు కాబట్టి కోర్టు ద్వారా తెప్పించాలి. లాయరు గారు పిటిషన్ వేశారు, బ్యాంకు వాయిదాలు అడిగింది, సొసైటీలో పాత ఫైళ్ళు అటక మీద ఉన్నాయన్నారు. చాలా ఆలస్యమైంది. కానీ చివరికి సొసైటీ రుణం ఫారాలు దొరికాయి, అగ్రిమెంటు రాసిన సంవత్సరానివే. ఈ ఒక్క సలహాకే నేను రెండు స్టార్లు ఇచ్చేస్తాను. మైక్రోస్కోపు ఎంత ఖరీదైనదైనా దాని కింద పెట్టిన కాగితం సరైనది కాకపోతే వచ్చే జవాబు ఎవరికీ పనికిరాదు.

పరీక్ష కోర్టులోనే జరిగింది. ఒరిజినల్ బయటికి ఇవ్వరు కదా, అనుమతి తీసుకుని కోర్టు సిబ్బంది ముందు ఫోటోలు తీసుకున్నారు. కాగితాన్ని చదునుగా పెట్టి పై నుంచి లైటు వేసి, తర్వాత పక్క నుంచి ఏటవాలుగా లైటు వేసి, వెనక నుంచి వెలుగు పడేలా పట్టుకుని, రకరకాలుగా తీశారు. పక్క లైటులో కలం ఒత్తిడికి పడిన గాడి కనపడుతుంది. గాడి ఒకచోట, సిరా ఒకచోట ఉంటే కింద వేరే సంతకం పెట్టి గీసినట్టు అనుమానించాలి. చేతి మైక్రోస్కోపుతో గీతలు మొదలయ్యేచోటు, ఆగేచోటు చూశారు. పక్కనుంచి చూస్తున్న నాకు ఓపిగ్గా వివరించారు, అది వాళ్ళు చేయాల్సిన పని కాదు.

తెలుగు సంతకాల గురించి ఆయన చెప్పిన ఒక విషయం ఇక్కడ రాయాలి. ఎక్కువ చదువుకోని పెద్దవాళ్ళు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చినట్టు నెమ్మదిగా రాస్తారు, వాళ్ళ అసలు సంతకంలోనే వణుకు ఉంటుంది. వేరేవాళ్ళ సంతకాన్ని చూసి గీసేవాడి గీతలోనూ వణుకు ఉంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఏమిటంటే గీసేవాడు కష్టమైన మలుపుల దగ్గర ఆగి చూసుకుంటాడు, సొంతంగా రాసేవాడి వణుకు సంతకం అంతా ఉంటుంది గానీ అలవాటైన ముక్కల దగ్గర మాత్రం చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. ఈ పెద్దాయన "రావు"లో వుకి కొమ్ము పెడుతూ ఆపకుండా గీతని కిందకి లాగేస్తారు, తలకట్టు కోసం కలం ఎత్తి వెనక్కి వస్తారు. సొసైటీ ఫారాల్లోనూ, అగ్రిమెంటు పేజీల్లోనూ ఆ వరస ఒకేలా ఉంది. పక్షవాతం తర్వాతి సంతకాల్లో ఆ గీతే లేదు, ముక్కలుగా ఆగిపోయింది.

బాబాయి ఒక మాట అడిగారు, సిరా చూసి ఇది 2013లో పెట్టిందే అని చెప్పలేరా అని. చెప్పలేం అన్నారు, సాగదీయకుండా. రెండు సిరాలు వేరువేరువా అన్నది పరికరంతో చూడొచ్చు గానీ కాగితం మీది సిరా వయసు కోర్టు నమ్మేలా సంవత్సరం లెక్కన తేల్చే పద్ధతి తమ దగ్గర లేదన్నారు. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం తీసుకుని తర్వాత రాసుకున్నారు అనే వాదన మన కోర్టుల్లో ఎంత ఎక్కువో తెలిసిందే, సిరా వయసు చెబుతాం అని ఎవరైనా ఆశ పెడితే జాగ్రత్త.

రిపోర్టు విషయానికి వస్తే, మూడు పేజీల కింద ఉన్న సంతకాలు సొసైటీ ఫారాల్లో సంతకం పెట్టిన వ్యక్తివే అని అభిప్రాయం, దానికి కారణాలు, పక్కపక్కన పెద్దవి చేసి చూపిన ఫోటోల ఛార్టులు. ప్రభుత్వ ల్యాబుకి పంపిన స్పెసిమెన్లు ఎందుకు పోల్చడానికి తగినవి కావో విడిగా రాశారు. నాలుగోది, రెవెన్యూ స్టాంపు మీదిది, ఇరుకులో కుదించి పెట్టింది, స్టాంపు డిజైన్ గీతలతో కలిసిపోయింది. దాని మీద ఏ అభిప్రాయమూ ఇవ్వలేం అని రాశారు. పిన్నికి కోపం వచ్చింది, డబ్బులు తీసుకుని ఇదేమిటని. నాకు మాత్రం రిపోర్టు మొత్తంలో ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఆ వాక్యమే. తెలియనిదాన్ని తెలియదని రాసినవాళ్ళు మిగతా మూడింటి గురించి రాసింది నమ్మొచ్చు అనిపించింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, వాళ్ళ మొదటి ఫారంలో కేసు వివరాలన్నీ అడుగుతారు. మీరు ఫిర్యాదుదారా, ముద్దాయా, మీరు ఏం నిరూపించాలనుకుంటున్నారు, అవతలివాళ్ళ రిపోర్టు ఏం చెప్పింది, అన్నీ. ఆ ఫారం నేరుగా సంతకాలు చూసే మనిషి టేబుల్ మీదకే వెళ్తుంది. ఇది చాలా తప్పు అని నా అభిప్రాయం. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ళ తర్వాత ఒక సంచి మీద దొరికిన వేలిముద్ర అమెరికాలో ఓరెగాన్‌కి చెందిన ఒక లాయరుదని అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు ఎక్స్‌పర్టులు చూసి అవునన్నారు. ఆయన్ని నిర్బంధించారు. చివరికి స్పెయిన్ పోలీసులు అది అల్జీరియాకి చెందిన వేరే మనిషిదని తేల్చారు, ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, 2006లో 20 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. వేలిముద్రల్లోనే ఇలా జరిగింది, సంతకం ఎంత.

దాని తర్వాత ఇటియెల్ డ్రోర్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగం గురించి లాయరు గారి దగ్గర విన్నాను, తర్వాత చదివాను. అయిదుగురు అనుభవం ఉన్న వేలిముద్రల ఎక్స్‌పర్టులకి ఒక్కొక్క జత ముద్రలు ఇచ్చి, ఇవే ఆ మాడ్రిడ్ కేసులో పొరబాటు పడ్డ ముద్రలు, మీరేమంటారు అని అడిగారు. నిజానికి అవి వాళ్ళే కొన్నేళ్ళ క్రితం వేరే కేసుల్లో చూసి కలిశాయి అని చెప్పినవి. ఈసారి ముగ్గురు కలవవు అన్నారు, ఒకరు చెప్పలేను అన్నారు, ఒక్కరే పాత మాట మీద నిలబడ్డారు. ముద్రలు మారలేదు, కళ్ళు మారలేదు, చెవిలో పడిన మాట ఒక్కటే మారింది. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు, అదే భయపెట్టే విషయం. 1894లో ఫ్రాన్సులో డ్రైఫస్ అనే సైనికాధికారి మీద పెట్టిన గూఢచర్యం కేసులో కూడా, నేరస్థుల కొలతల పద్ధతితో పేరు తెచ్చుకున్న బెర్తియోన్ చేతిరాత చూసి చెప్పింది ఇలాగే నడిచింది. రాతలో తేడాలు కనిపిస్తే, డ్రైఫస్ తన రాతని తనే మార్చి రాసుకున్నాడు అని బెర్తియోన్ సర్దుకున్నాడు. ముందే నమ్మినవాడికి పోలికా సాక్ష్యమే, తేడా కూడా సాక్ష్యమే. డ్రైఫస్ నిర్దోషి అని తేలడానికి 1906 దాకా పట్టింది.

కాబట్టి ల్యాబు వాళ్ళని అడిగాను. కేసు వివరాలు తీసుకునే మనిషి వేరు, సంతకాలు చూసే మనిషి వేరు ఎందుకు ఉండకూడదు, రెండో ఎక్స్‌పర్ట్ మొదటివారి జవాబు తెలియకుండా విడిగా చూడొచ్చు కదా అని. సిబ్బంది చాలరు అన్నారు. మీ ల్యాబులో తప్పులు ఎంత శాతం అంటే లెక్క లేదన్నారు. లెక్క కట్టడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 86 మంది చేతిరాత ఎక్స్‌పర్టులకి ముందే జవాబు తెలిసిన నమూనాలు ఇచ్చి చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. వేరేవాళ్ళు రాసినదాన్ని ఇతనే రాశాడు అని పొరబడ్డవి 3.1 శాతం, అతనే రాసినదాన్ని కాదు అన్నవి 1.1 శాతం. అది చేతిరాత మీద చేసింది, చిన్న సంతకానికి అదే అంకె అనుకోకూడదు. అయినా అంకె అంటూ ఒకటి ఉంటే జడ్జి గారికి తూకం వేసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మనుషుల స్వేచ్ఛ మీద ప్రభావం చూపే రిపోర్టు ఇచ్చే ప్రతి ల్యాబూ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆ లెక్క బయట పెట్టాలి.

కోర్టులో ఎక్స్‌పర్ట్ గారు బాగా నిలబడ్డారు. మీకు డబ్బు ఎవరిచ్చారు అనేదే ప్రభుత్వ లాయరు పీపీ గారి మొదటి ప్రశ్న. ముద్దాయి తరఫువాళ్ళే ఇచ్చారు, నా కారణాలు ఛార్టులో ఉన్నాయి, చూడండి అన్నారు. ప్రభుత్వ ల్యాబు రిపోర్టుని దాన్ని రాసినవాళ్ళని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 293వ సెక్షన్, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329. ప్రైవేటు వాళ్ళకి ఆ వీలు లేదు, బోనెక్కి చెప్పాల్సిందే. మా లాయరు గారు ప్రభుత్వ ఎక్స్‌పర్ట్‌ని కూడా పిలిపించమని అడిగారు. ఆయన వచ్చి, స్పెసిమెన్లు ఇచ్చిన మనిషికి పక్షవాతం ఉందని తమకి ఎవరూ రాయలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. మీ కేసులో రిపోర్టు వ్యతిరేకంగా ఉంటే రాసినవాళ్ళని పిలిపించమని తప్పకుండా అడగండి.

మన గుత్తి ప్రాంతం నుంచి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు సుప్రీంకోర్టులో 1979లో మురారిలాల్ కేసులో రాసిన తీర్పు ఈ విషయంలో ఇప్పటికీ లాయర్లు చూపిస్తారు. చేతిరాత ఎక్స్‌పర్ట్ మాటని వేరే బలం లేకుండా ఎప్పుడూ తీసుకోకూడదు అనే కట్టుబాటు ఏమీ లేదు, కానీ ఈ శాస్త్రం వేలిముద్రలంత పక్కాది కాదు కాబట్టి జాగ్రత్తగా ఉండాలి, ఎక్స్‌పర్ట్ చెప్పిన కారణాలని తరచి చూడాలి అన్నది దాని సారం. వేలిముద్రల మీద అంత భరోసా మాడ్రిడ్ తర్వాత ఎవరూ పెట్టుకోలేరు గానీ, కారణాలు తరచి చూడమన్న మాట మాత్రం అన్ని పరీక్షలకీ వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలి, అమలుకి రాష్ట్రాలకి ఐదేళ్ళ దాకా గడువు ఇచ్చారు. మంచిదే, కానీ రిపోర్టులు పెరిగే కొద్దీ వాటిని ప్రశ్నించడం తెలిసిన లాయర్లు కూడా పెరగాలి.

ఫీజు మాకు 30 వేల దాకా అయింది, కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పిన రోజుకి ప్రయాణంతో కలిపి విడిగా తీసుకున్నారు. ఆ విడి ఫీజు సంగతి ముందే అడిగి రాయించుకోండి, వాయిదా పడితే మళ్ళీ కట్టాల్సి ఉంటుంది. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు. బాబాయికి నేనే చదివి చెప్పాను, తెలుగులో ఒక పేజీ ఇస్తే బాగుండేది. ఫోన్ ఎత్తుతారు, చెప్పిన తేదీకి ఇచ్చారు.

మీరు వెళ్ళే పనైతే ఇంకొక్క మాట. ఒరిజినల్ కాగితం ఇంకా మీ దగ్గరే ఉంటే పాడవకుండా ఉంటుందని లామినేషన్ చేయించకండి, గీత మీద పెన్సిల్ గుర్తులు పెట్టకండి, పిన్నులు కొట్టకండి. కవర్లో మడతలు లేకుండా పెట్టి లాయరు గారి ద్వారా కోర్టులో వేయండి.